నేను ‘నో’ అన్నాను

వృద్ధుల హోము, పనివాళ్ళ గది

వదినకి,

చేరాను. బతికే ఉన్నాను. ఈ రెండు మాటలూ ముందు అన్నయ్య చెవిన వేసి, తర్వాత తీరిగ్గా చదువుకో.

నాకిచ్చింది మూడో అంతస్తు. ముసలివాళ్ళకి స్నానాలు చేయించడం, తినిపించడం, దుప్పట్లు మార్చడం, నడవగలిగిన వాళ్ళని వరండా చివరిదాకా నడిపించి తీసుకురావడం. పని కొత్త కాదు, అమ్మకి చేసిందే కదా. కొత్తదల్లా ఇంగ్లీషు. నీ దగ్గర కూర్చుని నేర్చుకున్న ఇంగ్లీషేనా ఇది అనిపిస్తోంది.

మొన్న నాతో పనిచేసే ఆవిడ కిటికీ దగ్గరికెళ్ళి, “డూ యూ మైండ్ ఇఫ్ ఐ ఓపెన్ ద విండో?” అంది. తెరవనా అంటోంది కదా అని నవ్వుతూ “యెస్, యెస్” అన్నాను. ఆవిడ మొహం ముడుచుకుని వచ్చి కూర్చుంది. గదంతా మందుల వాసన. ఇద్దరం ఉక్కలో ఉడికిపోయాం. నేనేం తప్పన్నాను వదినా?

ఫోను సూపర్‌వైజరు గది బయట గోడకుంది. మన భాష వచ్చింది ఇక్కడ వంటావిడకొక్కదానికే. మొదట్లో సంబరపడ్డాను. ఆవిడ విన్నవన్నీ సూపర్‌వైజరుకి మోస్తుందని తర్వాత తెలిసింది. అందుకే ఉత్తరాలు రాస్తాను. ఉత్తరమైతే నా తప్పులు నువ్వు దిద్దొచ్చు కూడా.

సూపర్‌వైజరు ఎవరి మీదా అరవడు. మెల్లగా, నవ్వుతూ, గబగబా మాట్లాడతాడు. అర్థం కాలేదని మొహం పెడితే ఇంకా గబగబా మాట్లాడతాడు.  వచ్చిన రోజే నా పాస్‌పోర్టు తీసుకుని తన సొరుగులో పెట్టుకున్నాడు. భద్రంగా ఉంటుందట.

ఒక్క మనిషి మాట మాత్రం నాకు పూర్తిగా అర్థమవుతుంది. కిటికీ పక్క మంచం మీది తాత. ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడట. కాళ్ళలో సత్తువ లేదు. మాట మాత్రం ఒక్కో పదమూ విడదీసి పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టు మాట్లాడతాడు. నేను ఆయన్ని మనసులో గడియారం తాత అనుకుంటున్నాను.

నీ
పిచ్చుక

*

ఇల్లు, ముందుగది

పిచ్చుకా,

మీ అన్నయ్య నీ ఉత్తరం చదివి “బాగానే ఉందిగా” అని పైకి అనేసి, పెరట్లోకి వెళ్ళి మళ్ళీ చదువుకున్నాడు. నేను చూడలేదనుకుంటున్నాడు. ఆడపడుచు అర్ధమొగుడంటారు గానీ, నువ్వు వెళ్ళాక నా అసలు మొగుడే సగమయ్యాడు.

కిటికీ సంగతి. అక్కడ మైండ్ అంటే బుర్ర కాదు, అభ్యంతరం. “తెరిస్తే నీకేమైనా అభ్యంతరమా?” అని ఆవిడ మర్యాదగా అడిగింది. “అవును, అభ్యంతరమే” అని నువ్వు పళ్ళికిలించి మరీ చెప్పావు. ఆవిడ నిన్ను కిటికీలోంచి కిందికి తోసెయ్యలేదు, సంతోషించు. “నో, నాట్ ఎట్ ఆల్” అనాలి. ఇలాంటి గుంటే ఇంకొకటుంది. ‘లేదు కదా’, ‘చెయ్యలేదు కదా’ అని అడిగే ప్రశ్నలు. మనవాళ్ళందరూ బోర్లాపడేది అక్కడే. అది పెద్ద పాఠం. నా సాయంత్రం బడి పిల్లల పరీక్ష పేపర్లు దిద్దాక విడిగా రాస్తాను.

పాస్‌పోర్టు మాట నాకు నచ్చలేదు. “మే ఐ హావ్ మై పాస్‌పోర్ట్ బ్యాక్, ప్లీజ్” అని అడుగు. ఇంకోటి, అర్థం కానప్పుడు తలూపకు. నా క్లాసులోనూ అంతే, అర్థం కాని రోజే గంగిరెద్దులా ఊపేదానివి.

వదిన

*

వృద్ధుల హోము, పనివాళ్ళ గది

వదినా,

పాస్‌పోర్టు అడిగాను. “సూన్” అన్నాడు. నవ్వాడు. మళ్ళీ అడగడానికి ధైర్యం చాలలేదు.

కిటికీ ఆవిడకి ‘మైండ్’ సంగతి చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వింది. ఇప్పుడు మేమిద్దరం మంచి స్నేహితులం.

నాకు ఇంకో భయం పట్టుకుంది. మా అంతస్తు స్నానాల గదిలో కుళాయి. గోరువెచ్చగా వస్తూ వస్తూ ఉన్నట్టుండి సలసల కాగే నీళ్ళు పోస్తుంది. కాసేపటికి మళ్ళీ దానంతటదే మామూలుగా అవుతుంది. దెయ్యం పట్టినట్టు. నేను ప్రతిసారీ మోచెయ్యి పెట్టి చూసుకున్నాకే మనిషిని దించుతున్నాను. కానీ చూసినప్పుడు బాగుండి, తర్వాత మారితే?

సూపర్‌వైజరు దగ్గరికెళ్ళి “సర్, ట్యాప్, హాట్ వాటర్ కమింగ్” అన్నాను. “గుడ్, గుడ్” అన్నాడు. రెండు రోజులాగి మళ్ళీ వెళ్ళాను. “సర్, వెరీ వెరీ హాట్ కమింగ్” అన్నాను. “వెరీ గుడ్” అని బొటనవేలు చూపించాడు. నేను వేడినీళ్ళు బాగా వస్తున్నాయని సంతోషపడుతున్నానని అనుకున్నాడో, నిజంగానే తెలిసి అన్నాడో అర్థం కాలేదు. నేనూ తలూపి వచ్చేశాను. తిట్టకు.

అది ప్రమాదమని చెప్పడానికి సరైన మాటలు వెంటనే రాసి పంపు.

పిచ్చుక

*

ఇల్లు, ముందుగది

పిచ్చుకా,

పేపర్లన్నీ పక్కన పడేసి రాస్తున్నాను. వేడినీళ్ళని హాట్ అంటే మంచిమాటే అవుతుంది. చెడిపోయిన దాన్ని ‘ఫాల్టీ’ అనాలి. ఇది బట్టీపట్టు: “ద ట్యాప్ ఈజ్ ఫాల్టీ. ద వాటర్ సడన్లీ టర్న్స్ బాయిలింగ్. సమ్‌వన్ విల్ గెట్ బర్న్డ్.” కుళాయి చెడిపోయింది, నీళ్ళు ఉన్నట్టుండి మరిగిపోతున్నాయి, ఎవరో ఒకరు కాలిపోతారు. అందరూ ఉన్నప్పుడు చెప్పు, గట్టిగా చెప్పు. బాగుచేసేదాకా ఆ గది వాడకు.

పనిలో పనిగా నేను బాకీపడ్డ పాఠం. “నువ్వు తినలేదు కదా?” అని నేనడిగితే, తిన్నదానివైతే ఏమంటావు? “లేదు లేదు, తిన్నాను” అంటావు. అంటే నా మాట తప్పని ముందు చెబుతున్నావు. ఇంగ్లీషువాడు అడిగినవాడి మాట పట్టించుకోడు, జరిగిన పనినే చూస్తాడు. తింటే యెస్, తినకపోతే నో. ప్రశ్న ఎటు తిప్పి అడిగినా అంతే. “యూ డిడింట్ ఈట్?” అన్నప్పుడు నువ్వు మన అలవాటుకొద్దీ “నో, నో” అన్నావంటే, తినలేదని నువ్వే ఒప్పుకున్నట్టు. జాగ్రత్త.

వదిన

*

వృద్ధుల హోము

వదినా,

బస్సులో రాస్తున్నాను, అందుకే అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. కొన్ని సందేహాలు.

‘ఐ టెస్టెడ్’ అంటే పరీక్షించాను. మరి ‘ఐ షుడ్ హావ్ టెస్టెడ్’ అంటే? రెండూ ఒకటేనా?

‘నెగ్లిజెన్స్’ అంటే ఏమిటి?

ఒకసారి చెప్పిన మాటని తర్వాత మార్చుకోవచ్చా? దానికి ఇంగ్లీషులో ఏమంటారు?

నేను బాగున్నాను. అన్నయ్యకి ఏమీ చెప్పకు.

పిచ్చుక

*

ఇల్లు, వంటగది

పిచ్చుకా,

బాగున్నదాన్ని అన్నయ్యకి చెప్పొద్దనడం ఎందుకే?

ఇన్నాళ్ళూ నువ్వడిగిన వాక్యాల్లో కిటికీలు, దుప్పట్లు ఉండేవి. ఇప్పుడన్నీ జరిగిపోయిన పనులు, అవీ కోర్టు మాటలు. ఎవరు కాలారు?

రెండూ ఒకటి కాదు. ‘టెస్టెడ్’ అంటే చూశావు. ‘షుడ్ హావ్ టెస్టెడ్’ అంటే చూడాల్సింది, చూడలేదు. నెగ్లిజెన్స్ అంటే నిర్లక్ష్యం, నీ ఒళ్ళు బలిసి ఇంకొకరికి హాని చెయ్యడం. ఆ రెండు మాటలున్న కాగితం మీద సంతకం పెట్టావంటే నా మీదొట్టే. మాట మార్చుకోవచ్చు. “ఐ వాంట్ టు కరెక్ట్ మై స్టేట్‌మెంట్” అనాలి.

నీ చేతిరాతకేమైంది? బస్సులో రాస్తే వంకర పోతాయి గానీ, నీ ‘క’ నీది కాకుండా పోదు. నీ రాత నేను దిద్దినంత మీ అమ్మ కూడా దిద్దలేదు.  జరిగింది జరిగినట్టు రాయి.

వదిన

*

వృద్ధుల హోము, మెట్ల కింద

వదినా,

రాస్తాను. కిటికీ ఆవిడ దీన్ని బయట పోస్టు చేస్తానంది.

కాలింది గడియారం తాత. నేను కుళాయి తిప్పాను. మోచెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉంది. తాతని కుర్చీలో కూర్చోబెట్టి కాళ్ళు తొట్టిలో పెట్టించాను. కుళాయిలో నీళ్ళు ఇంకా వస్తున్నాయి. ఆయన ఏదో పాత గడియారం గురించి చెబుతుంటే వింటూ తువ్వాలు కోసం ఇటు తిరిగాను. అంతే. ఆ అరుపు నాకిప్పటికీ వినబడుతోంది. కాళ్ళు తీసుకోవడానికి ఆయనకి సత్తువ లేదు కదా. గదంతా ఆవిరి. నేను ఎలాగో ఆయన్ని బయటికి లాగి కుళాయి కట్టేశాను. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎలా ఉన్నాడో నాకు ఎవరూ చెప్పడం లేదు.

ఆ సాయంత్రమే సూపర్‌వైజరు పిలిచాడు. తలుపు వేశాడు. నవ్వుతూనే అడిగాడు. “యూ డిడింట్ టెస్ట్ ద వాటర్?” నా పై ప్రాణాలు పైనే పోయాయి. లేదు లేదు, అది అబద్ధమని చెప్పాలని “నో! నో!” అన్నాను. రాసుకున్నాడు. “యూ డిడింట్ టెల్ మీ ద ట్యాప్ వజ్ ఫాల్టీ?” మళ్ళీ “నో, నో సర్!” అన్నాను. అదీ రాసుకున్నాడు. నేను ఎంత ఏడ్చి నో అంటే అంత శ్రద్ధగా రాసుకున్నాడు.

మర్నాడు నీ పాఠం వచ్చింది వదినా. ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే! దాన్ని చదివాకే తెలిసింది. నా నోటితో నేనే ఒప్పేసుకున్నాను.

ఇప్పుడు దాన్ని శుభ్రంగా టైపు చేయించి సంతకం పెట్టమంటున్నాడు. పెడితే పాస్‌పోర్టు ఇచ్చి ఇంటికి పంపేస్తాడట. పెట్టకపోతే కేసు, జైలు అంటున్నాడు. ఇలాంటి హోములు తనిఖీ చేసే అధికారిణి విచారణకి వస్తోంది. నా మాట వంటావిడ తర్జుమా చేస్తుందట.

ఇంకొకటి నన్ను తినేస్తోంది. నేను ‘హాట్’ అనకుండా ‘ఫాల్టీ’ అనుంటే తాత కాలేవాడు కాదేమో. నా రాని ఇంగ్లీషే ఆయన్ని కాల్చిందేమో.

పిచ్చుక

*

ఇల్లు, వంటగది

పిచ్చుకా,

నీ ఇంగ్లీషు ఎవరినీ కాల్చలేదు. ఒక మనిషి రెండుసార్లు తన దగ్గరికొచ్చి, కుళాయి, వేడి అని మొహం వేలాడేసుకుని చెబితే, లేచి చూడాలంటే వ్యాకరణం కావాలా? కాళ్ళుంటే చాలు.

ఇప్పుడు శ్రద్ధగా విను. విచారణలో యెస్ అనకు, నో అనకు. ఆ రెండు మాటలూ నీ నోటికి లేవనుకో. ఏమడిగినా పూర్తి వాక్యం చెప్పు. “ఐ టెస్టెడ్ ద వాటర్ విత్ మై ఎల్బో. ఇట్ వజ్ వార్మ్. దెన్ ఇట్ చేంజ్డ్.” “ఐ టోల్డ్ హిమ్ ట్వైస్.” చిన్న వాక్యాలు. అలంకారాలొద్దు. అర్థం కాకపోతే “ప్లీజ్ సే ఇట్ అగెయిన్” అను, పదిసార్లయినా అను. తర్జుమాకి వంటావిడ వద్దు, వేరే మనిషి కావాలని అడుగు. అది నీ హక్కు. సంతకం పెట్టకు.

ఇక్కడ అంతా బాగానే ఉంది. మా గురించి ఆలోచించకు, అన్నయ్య బాగానే ఉన్నాడు, ఇంట్లో అంతా బాగానే ఉంది. నువ్వు నీ మాట చూసుకో.

నాకూ భయంగానే ఉంది. కానీ నీ భయం నాకు తెలుసు. నువ్వు వణుకుతూనే మీ అమ్మకి ఇంజెక్షన్ ఇవ్వడం నేర్చుకున్న మనిషివి.

వదిన

*

వృద్ధుల హోము, కిటికీ ఆవిడ గది

వదినా,

అయింది. చెబుతాను.

భోజనాల గదిలో ఒక బల్ల వేశారు. అటువైపు అధికారిణి, పక్కన సూపర్‌వైజరు. ఇటు నేను, నా పక్కన వంటావిడ. వేరే మనిషి కావాలని అడుగుదామనుకున్నాను. అడగలేకపోయాను.  

అధికారిణి మొదటి ప్రశ్న అడిగింది. నాకు అర్థమైంది. ఆ రోజు ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పమంది. వంటావిడ నావైపు వంగి మన భాషలో అన్న మాటలు ఇవి: “తప్పయిపోయిందని చెప్పెయ్. నిన్నిక్కడికి పంపిన ఏజెంటు మనుషులు మీ అన్నయ్య ఇంటికెళ్ళారు. నీ మొండితనానికి వాళ్ళని బలిచెయ్యకు.”

 మీ ముందుగది కళ్ళముందు కనిపించింది. అన్నయ్య కనిపించాడు. ఒప్పేసుకుందామని నోరు తెరిచాను కూడా.

అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది. “బాగానే ఉంది” అని ఎన్నిసార్లు రాశావు? క్లాసులో ఒక్క మాట రెండోసారి చెప్పాలంటే ఒప్పుకోనిదానివి. అంటే వాళ్ళు నిజంగానే వచ్చారు. వచ్చి వెళ్ళాకే నువ్వు ఆ ఉత్తరం రాశావు. రాసి, సంతకం పెట్టకు అన్నావు. మీ వంతు భయపడటం అయిపోయిందని, ఇక నా వంతే మిగిలిందని అర్థమైంది.

అధికారిణి “ఏమంటోంది?” అన్నట్టు చూసింది. నేను చెప్పాను. “షీ ఈజ్ నాట్ ఆస్కింగ్ యువర్ క్వశ్చన్. షీ ఈజ్ టెల్లింగ్ మీ టు సే ఇట్ వజ్ మై ఫాల్ట్.”

 సూపర్‌వైజరు నవ్వు మొహం మీదే ఉంది కానీ కింద పెదవి అదిరింది. అధికారిణి వంటావిడని బయటికి పంపించింది. తర్వాత నన్నే అడిగింది, నెమ్మదిగా, తాత మాట్లాడినట్టు. నేను చిన్న చిన్న వాక్యాలు చెప్పాను. ఎక్కడెక్కడో తప్పులు దొర్లాయి. ఆవిడ ఆగి మళ్ళీ అడిగింది, నేను మళ్ళీ చెప్పాను.

సూపర్‌వైజరు మధ్యలో, ఈ అమ్మాయి అసలు ఆ సమయానికి గదిలోనే లేదు, పెద్దాయన్ని ఒంటరిగా వదిలేసి వెళ్ళిందన్నాడు. అప్పుడు, వదినా, నీ దగ్గర దాచింది చెబుతున్నాను, నేను కట్టు విప్పి నా కుడిచెయ్యి బల్లమీద పెట్టాను. మణికట్టు దాటి మోచేతిదాకా కాలింది. ఆయన కాళ్ళు ఆ నీళ్ళలోంచే కదా తీశాను. బస్సులో రాశానన్న ఉత్తరం మొదలు అన్నీ ఎడమచేత్తోనే రాశాను. ఇప్పుడు కాస్త తగ్గింది, ఏడవకు.

అధికారిణి ఆ చెయ్యి చాలాసేపు చూసింది. లేచి పైకి వెళ్దాం పదండంది. మనిషిని పిలిపించి ఆ కుళాయి విప్పించింది. చన్నీళ్ళూ వేడినీళ్ళూ కలిపే భాగం తుప్పుపట్టి విరిగిపోయి ఉంది. ఎన్నాళ్ళ తుప్పో. కిందకొచ్చి అతని సొరుగు తెరిపించింది. అందులో ఉన్నది నా పాస్‌పోర్టొక్కటే కాదు. వంటావిడది కూడా ఉంది.

వంటావిడ నా దగ్గరికొచ్చి, “నాకూ పిల్లలున్నారమ్మా” అంది. నేను కోపం తెచ్చుకుందామనుకున్నాను. రాలేదు.

పిచ్చుక

*

ఇల్లు, ముందుగది

పిచ్చుకా,

ఏడవకు అన్నావు. అది మాత్రం నీ చేతుల్లో లేదు.

అవును, వచ్చారు. నిన్ను పంపిన ఏజెంటు, ఇంకో ఇద్దరు. ఈ ముందుగదిలోనే కూర్చున్నారు. మంచినీళ్ళు తాగారు. ఏజెంటు గోడమీది నీ ఫోటో చూసి, “మంచి పిల్ల. సంతకం పెడితే అందరికీ మంచిది. లేకపోతే ఎప్పుడొస్తుందో చెప్పలేం” అన్నాడు. తిట్టినా బాగుండేది. మీ అన్నయ్య లేచి తలుపు తీసి నిలబడ్డాడు, ఇక వెళ్ళండన్నట్టు. వాళ్ళు వెళ్ళాక ఆ తలుపు పట్టుకునే చాలాసేపు ఉండిపోయాడు. అప్పుడే ఆయనకి అన్నీ చెప్పేశాను. “దానికి ఇది రాయకు. రాస్తే సంతకం పెట్టేస్తుంది” అన్నాడు. అందుకే అబద్ధం రాశాను. నాకు అబద్ధం రాయడం చేతకాదని నాకంటే నీకే బాగా తెలిసినట్టుంది.

ఇప్పటికీ వీధిలో బండి ఆగితే ఇద్దరం కిటికీ వైపు చూస్తున్నాం.

వచ్చెయ్యవే. పాస్‌పోర్టు చేతికొచ్చింది కదా. ఆ చెయ్యి నేను చూడాలి. అన్నయ్య పక్కనే నిలబడి ఇదే రాయమంటున్నాడు, రెండుసార్లు రాయమంటున్నాడు. వచ్చెయ్.

వదిన

*

ఆసుపత్రి, సందర్శకుల బెంచీ

వదినా,

విచారణ ఫలితం వచ్చింది. తప్పు కుళాయిది, దాన్ని బాగుచేయించనివాళ్ళదీ అని తేల్చారు. సూపర్‌వైజరుని పనిలోంచి తీసేశారు. కొత్తగా వచ్చినావిడ మొదటిరోజే కుళాయిలన్నీ విప్పించి చూసింది. నా పేరు మీద ఏ తప్పూ రాయలేదు. అయినా కుళాయి తిప్పాలంటే నా వేళ్ళు మొరాయిస్తున్నాయి. కిటికీ ఆవిడ వచ్చి పక్కన నిలబడితే గానీ తిప్పలేకపోతున్నాను.

ఇన్నాళ్ళూ తాత దగ్గరికి నన్ను వెళ్ళనివ్వలేదు. ఇవాళ వెళ్ళొచ్చన్నారు. వెళ్ళగలిగిన రోజు వచ్చాక ఇంకా భయమేసింది. విచారణ కంటే ఎక్కువ. నన్ను చూసి ఆయన మొహం తిప్పుకుంటే? లేకపోతే మళ్ళీ అలా అరిస్తే? వార్డు గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. నర్సొచ్చి, “ఎవరు కావాలి?” అంది.  వేలితో చూపించాను.

బాగా చిక్కిపోయాడు. పాదాలకి కట్లు. నన్ను చూసి ఎవరో పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. తర్వాత చెయ్యి చాచాడు. నేను నా కుడిచెయ్యి ఇచ్చాను. దాన్ని గడియారం పట్టుకున్నట్టు వెలుతురులోకి తిప్పి చూశాడు. “డజ్ ఇట్ హర్ట్?” అన్నాడు. నొప్పిగా ఉందా అని.

“ఇట్ హర్ట్స్” అన్నాను. “యువర్ ఫీట్?”

“దే హర్ట్ టూ,” అన్నాడు.

అంతే మాట్లాడుకున్నాం. ఆయన చెయ్యి వదల్లేదు. నాకు అప్పుడొచ్చింది ఏడుపు, ఇన్ని రోజులదీ ఒక్కసారే.  భోజనం తెచ్చారు. నర్సు తినిపించబోతే తలడ్డంగా ఊపి నావైపు చూపించాడు. నేను తినిపించాను. ఎడమచేత్తో. సగం పక్కమీద పోశాను.

వచ్చేస్తుంటే, మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగాడు.

“టుమారో” అన్నాను.

అనేశాక తెలిసింది నేనేమన్నానో. ఇప్పుడప్పుడే ఇంటికి రానని అన్నయ్యకి నువ్వే మెల్లగా చెప్పు వదినా. తనకి చెప్పాలంటే నాకింకా భయమే.

నీ
పిచ్చుక